ప్లానులో లేని ఆడకూలీ: ఆర్కిటెక్టు బాధ్యత ఎక్కడ?

భవన నిర్మాణ కార్మికుల సమస్యల గురించి మాట్లాడేటప్పుడు మన వేలు ముందు కాంట్రాక్టరు వైపు, తర్వాత బిల్డరు వైపు, చివరికి లేబరు ఆఫీసు వైపు చూపిస్తుంది. ఆర్కిటెక్టు వైపు ఎప్పుడూ చూపించదు. కూలి ఎగవేతల మీద, ప్రమాదాల మీద, మరుగుదొడ్ల మీద మనం వేసిన కరపత్రాల్లో ఆ మాటే కనిపించదు. ఆర్కిటెక్టు అంటే ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని గీతలు గీసే మనిషి, సైటులో జరిగే మంచిచెడ్డలతో సంబంధం లేని మనిషి అని మనమూ నమ్మేశాం. వాళ్లూ అలాగే నమ్ముతున్నారు. కాని చట్టం అలా అనడం లేదు. చట్టం అన్నదాన్ని మనమే సరిగా చదవలేదు.

భవన నిర్మాణ కార్మికులకు దేశమంతటికీ ఒక చట్టం కావాలని 1980లలో పెద్ద ఉద్యమం నడిచింది. కార్మిక సంఘాలు, స్త్రీల సంఘాలు, న్యాయవాదులు కలిసి జాతీయ ప్రచార సంఘంగా ఏర్పడి పదేళ్లు పోరాడిన తర్వాత 1996లో భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం, దానితోపాటు సెస్సు చట్టం వచ్చాయి. నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు, సంక్షేమ బోర్డు, గుర్తింపు కార్డు, ప్రసూతి సాయం మనకు తెలిసినవే. మన పనంతా వాటి చుట్టూనే తిరిగింది. సెస్సు సొమ్ము పోగుపడుతున్నా కార్మికులకు చేరకపోవడాన్ని సుప్రీంకోర్టు 2018లో తీవ్రంగా తప్పుపట్టింది కూడా. ఈ పెనుగులాటలో ఆ చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వాటిలో ఆర్కిటెక్టుల, ప్రాజెక్టు ఇంజనీర్ల, డిజైనర్ల విధులకు ప్రత్యేకంగా ఒక నియమం ఉంది. దాని సారాంశం మూడు ముక్కలు. పథకం వేసే దశలోనే కార్మికుల ఆరోగ్యం, భద్రత గురించి ఆలోచించాలి. కట్టేటప్పుడు కార్మికులకు ప్రమాదం తెచ్చే పద్ధతులు, పదార్థాలు డిజైనులో పెట్టకూడదు. కట్టిన తర్వాత భవనాన్ని శుభ్రం చేసేవాళ్ల, మరమ్మతు చేసేవాళ్ల భద్రతను కూడా ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఈ నియమం వచ్చి పాతికేళ్లు దాటింది. నల్లగండ్లలాంటి ఊరు పుట్టి పెరిగినదంతా ఈ నియమం కాగితం మీద ఉన్న కాలంలోనే.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి నల్లగండ్ల ఒక చెరువు, పొలాలు, హుడా లేఅవుటు ఉన్న ఊరు. ఒకవైపు సెంట్రల్ యూనివర్సిటీ, ఇంకోవైపు లింగంపల్లి స్టేషను. ఆ తర్వాత హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వరసగా పెరుగుతూ వచ్చి ఈ ఊరిని తమలో కలిపేసుకున్నాయి. 2006లో వచ్చిన నిర్మాణ నియమాలు స్థలానికి ఇంత నిష్పత్తిలోనే కట్టాలన్న పరిమితిని తీసేసి, రోడ్డు వెడల్పును బట్టి ఎత్తుకు అనుమతి ఇచ్చాయి. దానితో అంతస్తులు లేచాయి, కింద సెల్లార్లు లోతుకు దిగాయి. పునాది గోతి లోతు పెరిగినా, స్లాబు ఎత్తు పెరిగినా ముందుగా ఆ అపాయంలోకి దిగేది పాలమూరు నుంచి, శ్రీకాకుళం, విజయనగరం నుంచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బీహారు నుంచి వచ్చిన కూలీలు. అందులో ఆడవాళ్లు మేస్త్రీలుగా రారు. ఇసుక జల్లించడానికి, మాలు మోయడానికి, ఇటుకలు అందించడానికి, స్లాబుకు నీళ్లు పట్టడానికి వస్తారు. ఇరవై ఏళ్లు పనిచేసినా తాపీ చేతికి రాదు. ఈ లైంగిక శ్రమ విభజన గురించి మన పత్రికల్లో చాలా రాసుకున్నాం. ఇప్పుడు దాన్ని ప్లాను కాగితంతో కలిపి చూడాలి.

నల్లగండ్ల సైట్లలో తిరిగినప్పుడు గేటు పక్కన బోర్డు మీద ఆర్కిటెక్టు పేరు చూస్తాను. లోపల డ్రాయింగులు అడిగి చూస్తాను. ఫ్లాటులో చెప్పుల అర ఎక్కడ వస్తుందో, క్లబ్ హౌసులో ఈత కొలను మెట్లు ఎన్నో, పనిమనిషి వాడే మరుగుదొడ్డి ఏ మూల ఉండాలో అన్నీ అంగుళాల లెక్కన ఉంటాయి. కాని ఆ భవనం కట్టడానికి రెండు మూడేళ్లు అక్కడే కాపురముండే వందలాది మంది ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ స్నానం చేయాలి, తాగే నీళ్ల తొట్టి ఎక్కడ, పిల్లలు ఎక్కడ అన్నది నేను చూసిన డ్రాయింగుల్లో లేదు. ఒక పాలమూరు అక్క దీన్ని నాకంటే బాగా చెప్పింది: "ఇంత పెద్ద బిల్డింగు కాయితం మీద గీసిన్రు గద, మేం దొడ్డికి యాడ వోవాలెనో గూడ గీస్తే ఏం వోయె?"

ఏం పోతుందో చెప్పడం కష్టం కాదు. డబ్బు పోతుంది. డ్రాయింగులో ఉన్నది అంచనా పట్టికలోకి వస్తుంది. పట్టికలోకి వచ్చినదానికి రేటు వస్తుంది. రేటు ఉన్నదాన్ని కాంట్రాక్టరు కట్టి బిల్లు పెట్టుకుంటాడు. డ్రాయింగులో లేనిది కాంట్రాక్టరు తన లాభంలోంచి తీసి పెట్టవలసిన దానం అవుతుంది. దానం చేసే కాంట్రాక్టరు తక్కువ రేటుకు టెండరు వేయలేడు, పని పోగొట్టుకుంటాడు. అందుకే మరుగుదొడ్డి లేకపోవడానికి కాంట్రాక్టరు చెడ్డతనం ఒక్కటే కారణం కాదు. అతను ధర చెప్పే ముందే, పథకం దశలోనే, అది తీసివేయబడింది. 1998 నియమం పథకం దశ అన్న మాట వాడినది ఇందుకే.

పసిపిల్లల సంరక్షణ గది సంగతి చూడండి. 1996 చట్టంలోని 35వ సెక్షన్ ప్రకారం 50 మందికి మించి స్త్రీలు పనిచేసే ప్రతి చోటా ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలి. ఇక్కడ చట్టం వాడిన మాట 'చోటు'. కాంట్రాక్టరు అనలేదు. కాని సైటులో సెంట్రింగు ఒకరికి, రాడ్డు పని ఒకరికి, గోడలు ఒకరికి, టైల్సు ఒకరికి పంచి ఇస్తారు. ఒక్కొక్కరి దగ్గర పది పదిహేను మంది ఆడవాళ్లే తేలతారు. పైగా గుంపు మేస్త్రీ కూలీలను జతగా తెస్తాడు. హాజరు పుస్తకంలో మొగుడి పేరే ఉంటుంది, కూలి అతని చేతికే వస్తుంది. ఆమె పనిచేస్తుంది, లెక్కకు రాదు. లెక్కకు రాని ఆడవాళ్లు 50కి ఎప్పటికీ చేరరు. సంక్షేమ బోర్డులో నమోదుకు కావలసిన 90 రోజుల పని రుజువు కూడా ఆమెకు ఇలాగే దొరకదు. కేంద్ర ప్రజా పనుల శాఖ తన కాంట్రాక్టుల నమూనా నియమాల్లో 20 మంది స్త్రీలు ఉంటేనే పిల్లలకు రెండు గదులు, ఒకటి ఆడుకోవడానికి, ఒకటి పడుకోవడానికి, ఉండాలని రాసుకుంది. 1969లో ఢిల్లీలో మీరా మహాదేవన్ మొదలుపెట్టిన మొబైల్ క్రెషెస్ సంస్థ నిర్మాణ స్థలాల్లోనే క్రెష్‌లు నడపవచ్చని దశాబ్దాల క్రితమే చూపించింది. సాధ్యం కాదన్న వాదనకు చోటు లేదు.

గదులు, దొడ్లు సౌకర్యాల విషయమే అనుకునేవాళ్లు బాచుపల్లిని గుర్తు చేసుకోవాలి. 2024 మే 7న పెద్ద వాన కురిసింది. అక్కడ కడుతున్న అపార్టుమెంటు తాలూకు రిటైనింగ్ గోడ కూలి, పక్కనే ఉన్న కూలీల షెడ్ల మీద పడింది. ఏడుగురు చనిపోయారు. అందులో ఒక స్త్రీ, నాలుగేళ్ల బిడ్డ ఉన్నారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. గోడ ఎందుకు కూలిందన్నది ఇంజనీరు ప్రశ్న. ఆ గోడ కింద షెడ్లు ఎందుకు ఉన్నాయన్నది పథకం ప్రశ్న. ఈ రెండో ప్రశ్న ఎవరినీ అడగరు. ఎందుకంటే షెడ్ల చోటును ఎవరూ నిర్ణయించలేదు, మిగిలిన చోట వేసుకున్నారు. అంతకుముందు 2016 డిసెంబరులో నానక్‌రాంగూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. కట్టే భవనమే కాపురముండే ఇల్లు అయినప్పుడు, కూలినప్పుడు పనిలో లేనివాళ్లూ పోతారు, పిల్లలూ పోతారు. ఆడవాళ్లకు పనిచోటు, వంటచోటు, పురుడు పోసుకునే చోటు ఒకటే కావడం వల్ల ప్రమాదం వాళ్లను రోజుకు 24 గంటలూ వెంటాడుతుంది.

డిజైనుకూ ఆడకూలీ శరీరానికీ ఉన్న సంబంధం ఇంతటితో ఆగదు. 1998 కేంద్ర నియమాల ప్రకారం వయసు వచ్చిన స్త్రీ ఒంటరిగా మోయదగిన బరువు 30 కిలోలు, పురుషుడికి 55 కిలోలు. సిమెంటు బస్తా 50 కిలోలు. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు ఉన్న గట్టి సిమెంటు ఇటుక 30 కిలోలకు పైనే తూగుతుంది. బయటి గోడకు ఏ ఇటుక వాడాలో నిర్ణయించేది మేస్త్రీ కాదు, డ్రాయింగు. తేలిక ఇటుక అని రాస్తే ఆమె మెడ మీద బరువు సగమవుతుంది. మెట్లు స్లాబుతోపాటే పైకి రావాలని పని క్రమంలో రాస్తే ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని వెదురు నిచ్చెన ఎక్కనక్కర్లేదు. లిఫ్టు గుంతకు, డక్టులకు పని మొదలైన రోజు నుంచే అడ్డు కట్టాలని రాస్తే చీకట్లో నీళ్లు పట్టడానికి పోయిన మనిషి అందులో పడదు. ఇవేవీ కాంట్రాక్టరు దయాధర్మాలు కావు, పెన్సిలు నిర్ణయాలు.

భవనం పూర్తయి రిబ్బను కత్తిరించిన తర్వాత కూడా ఇదే కథ. రోడ్డు వైపు నిలువెత్తు అద్దాలు పెట్టి, వాటిని తుడిచేవాళ్లు నిలబడటానికి చోటు పెట్టకపోతే తాడుకు వేలాడే మనిషి కావాలి. నియమంలోని మూడో ముక్క దీని గురించే.

ఆర్కిటెక్టుల వాదన కూడా వినాలి, అందులో కొంత నిజం ఉంది. 1972 ఆర్కిటెక్టుల చట్టం వృత్తికి ఒక కౌన్సిలును ఇచ్చింది, పేరును కాపాడింది. పనిని కాపాడలేదు. రిజిస్టరు కానివాళ్లు ఆర్కిటెక్టు అన్న పేరు పెట్టుకోకూడదు గాని ఆ పని చేయడాన్ని ఆ చట్టం నిషేధించలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కౌన్సిలు సూచించిన సేవా షరతుల ప్రకారం ఆర్కిటెక్టు ఒప్పుకున్న వ్యవధుల్లో సైటుకు వచ్చి పని డ్రాయింగు ప్రకారం ఉందో లేదో చూస్తారు. రోజువారీ పర్యవేక్షణకు యజమాని వేరే మనిషిని పెట్టుకోవాలి. "నేను పదిహేను రోజులకు ఒకసారి వస్తాను, కూలీలను పెట్టుకున్నది నేను కాదు, పరంజా ఎలా కట్టాలో చెప్పే అధికారం నాకు లేదు" అంటారు. ఇది నిజమే. చట్టం కూడా కూలీ యజమాని అంటే కాంట్రాక్టరునే, స్థల యజమానినే చూసింది. కాని 1998 నియమం ఆర్కిటెక్టును పరంజా కట్టమనడం లేదు, రోజూ సైటులో నిలబడమనడం లేదు. గీసేటప్పుడు ఆలోచించమంటోంది. గీయడం తన పని కాదని ఏ ఆర్కిటెక్టూ అనలేరు.

చట్టం గట్టిగా అడిగితే ఆర్కిటెక్టు సైటుకు రాగలరని చెప్పడానికి మన కళ్లముందే ఇంకో చట్టం ఉంది. 2016 రెరా చట్టం కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతాన్ని విడి ఖాతాలో పెట్టమంది. ఆ ఖాతాలోంచి డబ్బు తీయాలంటే పని ఎంత శాతం అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫై చేయాలి. అంటే నల్లగండ్లలో ఫ్లాటు కొన్న సాఫ్టువేరు ఉద్యోగి డబ్బు కోసం ఆర్కిటెక్టు సంతకం చేస్తారు. ఆ సంతకం తప్పయితే ఏమవుతుందో ఆయనకు తెలుసు, అందుకే చూసి చేస్తారు. అదే స్లాబు కింద నిద్రపోతున్న పసిబిడ్డ కోసం ఆయన ఏ కాగితం మీదా సంతకం చేయనక్కర్లేదు. ఒకే మనిషి, ఒకే సైటు, రెండు చట్టాలు. ఆస్తి ఉన్నవాళ్ల చట్టానికి పళ్లున్నాయి. 1996 చట్టం కింద భద్రతా నియమాలు ఉల్లంఘిస్తే పెద్ద శిక్ష మూడు నెలల జైలు లేదా 2,000 రూపాయల జరిమానా లేదా రెండూ. ఆ జరిమానా ఒక చదరపు అడుగు ధర కూడా కాదు.

ఇక్కడ ఇంకొక విషయం చెప్పుకోవాలి. ఆర్కిటెక్చరు కాలేజీల్లో ఇప్పుడు అమ్మాయిలు చాలామంది చదువుతున్నారు. చదువు అయ్యాక సైటుకు వెళ్లే జూనియర్లలో వాళ్లూ ఉన్నారు. పొద్దున ఇంట్లో నీళ్లు తాగకుండా బయలుదేరతామని, సైటులో ఆడవాళ్లకు దొడ్డి ఉండదని వాళ్లు నాకు చెప్పారు. మాలు మోసే ఆమె కష్టాన్ని, ఈ అమ్మాయి కష్టాన్ని ఒకటే అనడం తప్పు. ఈమె సాయంత్రం ఇంటికి పోతుంది, ఆమె అక్కడే ఉంటుంది. కులం, కూలి, భాష అన్నీ వేరు. కాని ఒక డ్రాయింగు మీద ఒక గీత ఇద్దరికీ అవసరం, ఆ గీత గీయగల చేయి ఈ అమ్మాయిది. మన సంఘాలు ఇంతవరకు ఆర్కిటెక్చరు కాలేజీల గడప తొక్కలేదు. తొక్కాలి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద సైటు కూడా పనిచోటే, పదిమంది కంటే తక్కువ ఉన్న చోట జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు అన్నది ఈ ఇద్దరిలో ఎవరికీ ఎవరూ చెప్పడం లేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే చట్టం మారింది. 1996 చట్టంతో సహా 13 చట్టాలను కలిపి తెచ్చిన 2020 వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను కేంద్రం 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చింది. కేంద్ర కార్మిక సంఘాలు చాలావరకు దీన్ని వ్యతిరేకించాయి, వాటి భయాలకు కారణాలున్నాయి. తనిఖీ అధికారి ఇప్పుడు 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్' అయ్యాడు. కాంట్రాక్టు కార్మికుల రక్షణలు వర్తించే పరిమితి 20 మంది నుంచి 50 మందికి పెరిగింది. సొంతానికి కట్టుకునే ఇంటి మినహాయింపు 10 లక్షల నుంచి 50 లక్షలకు పెరిగింది. క్రెష్ విషయంలో 50 మంది స్త్రీలు అన్నది పోయి 50 మంది కార్మికులు అయింది, ఇది మేలు. కాని అదే వాక్యంలో ప్రభుత్వం నియమాలు 'చేయవచ్చు' అని, ఉమ్మడి క్రెష్‌తో సరిపెట్టుకోవచ్చని కూడా ఉంది. పాలిచ్చే తల్లికి రెండు కిలోమీటర్ల అవతల ఉన్న క్రెష్ లేనట్టే.

అయితే ఆర్కిటెక్టుల విధులు మాత్రం పాత నియమం నుంచి కోడ్‌లోకి, 9వ సెక్షన్‌గా ఎక్కాయి. నియమంగా ఉన్నది శాసనమైంది. విధి నిర్వర్తించకపోవడం వల్ల మరణం సంభవిస్తే రెండేళ్ల వరకు జైలు, 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ అని 103వ సెక్షన్ అంటోంది. ఆ జరిమానాలో సగానికి తక్కువ కాకుండా బాధితుల కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. మనకు ఇష్టం లేని కోడ్‌లో మనకు పనికివచ్చే సెక్షన్ ఒకటి ఉంటే దాన్ని వదులుకోకూడదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1988లో చేసిన 167వ ఒడంబడికలోనే డిజైను చేసేవాళ్లు కార్మికుల భద్రతను లెక్కలోకి తీసుకోవాలని ఉంది. బ్రిటన్ 1994లో దీన్ని నిబంధనలుగా చేసింది. 2015 నాటి సవరణలో ఒకరికి మించి కాంట్రాక్టర్లున్న ప్రతి పనికీ 'ప్రధాన డిజైనరు'ను యజమాని రాతపూర్వకంగా నియమించాలంది. తేడా ఇక్కడే ఉంది. అక్కడ పేరు ఉంది, కాగితం ఉంది, అడిగేవాళ్లున్నారు. మన దగ్గర 'తగిన శ్రద్ధ' అన్న మాట ఉంది. తగినంత అంటే ఎంతో చెప్పే కాగితం లేదు.

ఆర్కిటెక్టును పట్టుకుంటే కాంట్రాక్టరు, బిల్డరు జారిపోతారని మనలో కొందరు అంటారు. ఆ అనుమానం సహజం. కాని బాధ్యత బకెట్లో నీళ్లలాంటిది కాదు, ఒకరికి పోస్తే ఇంకొకరికి తగ్గడానికి. కూలి, నష్టపరిహారం, రోజువారీ భద్రత బాధ్యత యజమానిదే, అది అలాగే ఉండాలి. మనం అడుగుతున్నది ఇంకొక సంతకం. ఎవరు సంతకం పెట్టారో తెలిస్తే, బలహీనుడైన గుంపు మేస్త్రీని ముందుకు తోసి పెద్దలు వెనక దాక్కోవడం కష్టమవుతుంది.

రాష్ట్ర నియమాల మీద మన సంఘాలు పెట్టవలసిన డిమాండ్లు నా దృష్టిలో ఇవి. ఒకటి, అనుమతికి పెట్టే డ్రాయింగులతోపాటు షెడ్లు, ఆడవాళ్లకు వేరుగా దొడ్లు, స్నానపు గదులు, తాగునీరు, క్రెష్ చూపించే కార్మిక వసతి ప్లాను ఆర్కిటెక్టు సంతకంతో ఉండాలి. రిటైనింగ్ గోడకు, గోతికి, క్రేనుకు ఎంత దూరంలో ఉన్నాయో అందులో రాయాలి. రెండు, వీటి ఖర్చు అంచనా పట్టికలో విడిగా ఉండాలి, టెండరులో దాని మీద బేరం ఉండకూడదు. మూడు, రెరా ఖాతాలోంచి డబ్బు తీసేటప్పుడు ఇచ్చే ఆర్కిటెక్టు సర్టిఫికెట్టులో ఈ వసతులు ఉన్నాయో లేవో కూడా చెప్పాలి. నాలుగు, క్రెష్ లెక్క సైటు మొత్తానికి వేయాలి, జతలో ఉన్న ఆడమనిషి పేరు హాజరులో విడిగా ఉండాలి, క్రెష్ సైటులోనో నడిచిపోయే దూరంలోనో ఉండాలి. ఐదు, మరణం జరిగిన ప్రతి ప్రమాదంలో డిజైను విధుల మీద కూడా విచారణ జరపాలి.

సైట్లకు వెళ్లే కార్యకర్తలు కార్డుల దరఖాస్తులతోపాటు ఇకనుంచి ఇంకో పని చేయాలి. గేటు దగ్గర బోర్డు మీద ఉన్న ఆర్కిటెక్టు పేరు రాసుకోవాలి. కార్మిక వసతి ప్లాను చూపించమని రాతపూర్వకంగా అడగాలి. లేదని జవాబు వస్తే ఆ జవాబును దాచిపెట్టాలి. రేపు గోడ కూలితే కోర్టులో మాట్లాడేది ఆ కాగితమే. గోడ కూలకముందే అది మాట్లాడేలా చూడటం మన పని.